భయం వేయలేదన్న మాట: ‘బ్యాడ్ క్రీ’ నవలపై పాఠకుల అభిప్రాయాలు

భయానక నవలను చదివి మూసిన పాఠకుడి నోట మొదట వచ్చే మాట సాధారణంగా ఒకటే: భయం వేసింది, లేదా వేయలేదు. ప్రేమకథనో చారిత్రక నవలనో ఇంత కురుచ కొలతతో ఎవరూ కొలవరు గాని, భయానక సాహిత్యం విషయంలో మాత్రం ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబే తీర్పుగా చెల్లుబాటవుతూ వస్తున్నది. ప్రశ్న తప్పు కాదు. భయం అనే స్థాయిభావం, అంటే మనస్సు అడుగున నిలకడగా ఉండే భావం, తగిన కారణాలు కూడినప్పుడు భయానక రసంగా పండుతుందని భరతుడి నాట్యశాస్త్రం చెప్పింది కనుక, రసం పండిందా లేదా అని అడిగే హక్కు పాఠకుడికి ఉన్నది. అయితే ఆ శాస్త్రానికి వ్యాఖ్య రాసిన కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు ఇంకొక మాట చేర్చాడు: ఆ భావానికి సంబంధించిన వాసన, అంటే పూర్వానుభవాల నుండి మిగిలిన సంస్కారం, చదివేవాని మనస్సులో ముందే లేకపోతే రసం పుట్టదు. అందుచేత ఒక నవల భయపెట్టలేదన్న మాట వినిపించినప్పుడు, లోటు పుస్తకంలో ఉన్నదా, ఆ పుస్తకం తట్టిలేపదలచిన వాసన లేని మనస్సులో ఉన్నదా అని విచారించవలసి ఉంటుంది. కెనడాలో 2023 జనవరిలో వెలువడిన ‘బ్యాడ్ క్రీ’ అనే నవల గురించి పాఠకులు చెబుతూ వస్తున్న అభిప్రాయాలు ఈ విచారణకు మంచి ఆధారాన్ని ఇస్తున్నాయి.

నవల రచయిత్రి జెస్సికా జాన్స్ అల్బర్టా ప్రావిన్స్ ఉత్తర భాగంలోని సక్కర్ క్రీక్ ఫస్ట్ నేషన్‌కు చెందినవారు. ఫస్ట్ నేషన్ అనేది కెనడాలో యూరోపియన్ల రాకకు ఎంతో ముందు నుండీ ఉన్న మూలవాసి జాతులకు వాడుకలో ఉన్న పేరు. ఆ జాతులలో క్రీ ప్రజలు సంఖ్యలోనూ, విస్తరించిన నేలలోనూ చాలా పెద్దవారు. కథానాయిక మెకెంజీ క్రీ యువతి. ఆమె పుట్టింటివారికి వందల మైళ్ల దూరంలో, వ్యాంకూవర్‌లో, చిన్న ఉద్యోగం చేసుకుంటూ బతుకుతుంటుంది. ఒక రాత్రి కలలో ఒక కాకి తల ఆమె చేతికి వస్తుంది. నిద్ర లేచి చూసుకుంటే ఆ తెగిన తల నిజంగానే చేతిలో ఉండి, కాసేపట్లో మాయమవుతుంది. అక్కడి నుండి కలలు వరుసకడతాయి, వాటిలో ఏడాది కింద హఠాత్తుగా చనిపోయిన అక్క సబ్రీనా కనిపిస్తుంది, మేలుకున్న వేళల్లో నగరపు కాకులు మెకెంజీ వెంట తిరుగుతాయి, చివరకు ఆ అక్క పేరుతో ఫోన్‌కు సందేశాలు కూడా వస్తాయి. మెకెంజీ తన అక్క అంత్యక్రియలకు వెళ్లలేదన్న సంగతి పాఠకుడికి తొలి పుటల్లోనే తెలుస్తుంది. ఆ తప్పు బరువుతో ఆమె హై ప్రెయిరీ అనే తన చిన్న పట్టణానికి తిరిగి వెళ్లడం, అక్కడ తల్లి, పినతల్లులు, మిగిలిన తోబుట్టువు, పినతల్లి కూతురు కలిసి ఆ కలల మూలాన్ని వెతకడం తరువాతి కథ. ఆ వెతుకులాట ఎక్కడ తేలిందో చెబితే చదవబోయేవారికి అన్యాయం జరుగుతుంది.

నవల పుట్టుకలోనే పాఠకుల అభిరుచికి సంబంధించిన వివాదం ఒకటి ఉన్నది. రచనా విద్యార్థులకు బోధించేవారు చాలా చోట్ల ఒక సూత్రం చెబుతారు: కథలో కలను పెట్టకూడదు, పెడితే అది చౌకబారు ఉపాయంగా కనిపించి చదివేవాడు పుస్తకం మూసేస్తాడు. జాన్స్ చదువుకునే రోజుల్లో ఇటువంటి మాటే విన్నారు. కలను పూర్వీకుల నుండి వచ్చే కబురుగా, బతుకుకు పనికివచ్చే జ్ఞానంగా భావించే క్రీ కుటుంబంలో పెరిగినవారికి ఆ సూత్రం అన్ని కాలాలకూ అన్ని జనాలకూ చెల్లే సాహిత్య నియమంగా కనిపించలేదు. ఒకానొక జాతి పాఠకుల అలవాటుగా మాత్రమే కనిపించింది. దానికి జవాబుగా, కల నుండే మొదలయ్యే చిన్న కథను ఆమె రాశారు. ‘గ్రెయిన్’ అనే సాహిత్య పత్రికలో అచ్చయిన ఆ కథకు, కెనడాలో కొత్త రచయితల కథలకు ఇచ్చే జర్నీ ప్రైజ్ 2020లో లభించింది; దానిని పెంచి రాసినదే ఈ నవల. పాఠకుడు వెళ్లిపోతాడని భయపెట్టిన చోటు నుండే మొదలైన పుస్తకం దేశమంతటా చదివించుకోవడం చిన్న సంగతి కాదు.

కథలోని కీడుకు క్రీ భాషలో ‘వీహ్‌తికో’ అని పేరు. ఇరుగుపొరుగు అనిషినాబే ప్రజలు ‘విండిగో’ అనే పేరుతో దాదాపు ఇదే రూపాన్ని చెప్పుకుంటారు. ఆంగ్ల రచనల ద్వారా లోకానికి తెలిసిన ‘వెండిగో’ ఇదే. చలికాలపు కరవులో మనుషుల్ని తిన్న మనిషి ఆ రూపం దాలుస్తాడనీ, తిన్నకొద్దీ దాని శరీరం పెరుగుతుంది కనుక దాని ఆకలి ఎన్నటికీ తీరదనీ పెద్దలు చెబుతారు. తెలుగు పిల్లలు వినే బ్రహ్మరాక్షసుడికీ పిశాచానికీ దీనికీ పోలిక పైపైనే ఉన్నది. ఒకరి తిండి ఇంకొకరికి మిగలకుండా తినేసే బుద్ధికి ఇచ్చిన రూపం కాబట్టి ఇది కేవలం దయ్యం కాదు, నీతిశాస్త్రంలో ఒక అధ్యాయం. అనిషినాబే పండితుడు బాసిల్ జాన్‌స్టన్ 1995లో ప్రచురించిన ‘ది మానిటూస్’ అనే గ్రంథంలో, అడవుల్ని నరికి మిగతా ప్రాణులకు ఏమీ మిగల్చని పెద్ద సంస్థల్ని నేటి కాలపు విండిగోలుగా వర్ణించాడు. జాన్స్ నవలలోని పట్టణం కూడా చమురు తవ్వకాల వెంట కొన్నాళ్లు పొంగి తరువాత వట్టిపోయిన ఊరు. 1899 జూన్ 21న కెనడా ప్రభుత్వానికీ మూలవాసులకూ మధ్య ఎనిమిదవ ఒప్పందం మీద తొలి సంతకాలు జరిగిన లెస్సర్ స్లేవ్ సరస్సు ఆ ప్రాంతంలోనే ఉన్నది. ఆ ఒప్పందం తరువాత ఆ నేలకు జరిగిన గాయమూ, అక్క చావుతో ఇంటికి తగిలిన గాయమూ నవలలో ఒకే చోట కలుస్తాయి, ఆ కలిసిన చోట వీహ్‌తికో నిలబడి ఉంటుంది.

పాఠకుల అభిప్రాయాలు ఈ పుస్తకం దగ్గర స్పష్టంగా చీలిపోయాయి. మెచ్చుకున్నవారిలో అధికులు భయాన్ని తరువాత చెప్పి, ముందుగా ఆ ఇంటి ఆడవాళ్ల గురించి చెబుతారు: వారి ఎగతాళి, పేకాట, కలిసి వండుకునే తిండి, ఒకరినొకరు దెప్పుకుంటూనే వదలకుండా పట్టుకునే తీరు. దుఃఖాన్ని ఇంత సూటిగా చెప్పిన భయానక నవల అరుదని మరికొందరు గుర్తించారు. మెచ్చనివారి ఫిర్యాదులు ప్రధానంగా మూడు. ఆరంభంలోని కాకి తల కలిగించిన వణుకు తరువాతి పుటల్లో నిలవలేదన్నది మొదటిది. వంటిళ్లలో, వసారాల్లో సాగే సంభాషణల వల్ల కథ నడక మందగించిందన్నది రెండవది. చాలాసేపు కూడగట్టిన ముప్పు ముగింపులో త్వరగా తేలిపోయిందన్నది మూడవది. మూడవ ఫిర్యాదులో నిజం ఉన్నది. చివరి ఘట్టంలో రచయిత్రి తొందరపడ్డారు, అంతవరకూ కలల్లో ఉన్న అస్పష్టమైన ఒత్తిడి, శత్రువు కంటికి కనబడగానే సడలిపోయింది. భయానక రచయితలకు ఎప్పుడూ ఎదురయ్యే ఈ కష్టాన్ని తొలి నవల దాటలేకపోయింది. మొదటి రెండు ఫిర్యాదులకు మాత్రం జవాబు అంత తేలికగా ఇవ్వడానికి వీలుకాదు, ఎందుకంటే అవి పుస్తకం గురించి ఎంత చెబుతాయో చదివినవారి అలవాట్ల గురించీ అంతే చెబుతాయి.

ఈ చర్చ బహిరంగంగా జరిగిన సందర్భం 2024 మార్చిలో వచ్చింది. కెనడా ప్రజా ప్రసార సంస్థ సీబీసీ 2002 నుండి ఏటా ‘కెనడా రీడ్స్’ అనే కార్యక్రమం నడుపుతున్నది. అయిదు పుస్తకాల పక్షాన అయిదుగురు ప్రముఖులు వాదించి, రోజుకొక పుస్తకాన్ని ఓటుతో తొలగిస్తూ, చివరకు దేశమంతా చదవదగిన ఒక్క పుస్తకాన్ని నిలబెట్టడం దాని పద్ధతి. 2024లో హాస్యనటుడు డాలస్ సూనియాస్ ‘బ్యాడ్ క్రీ’ పక్షాన నిలిచారు. ఆయనా క్రీ మూలాలవారే. ఆ ఏడు కాథరిన్ లెరూ రాసిన ‘ది ఫ్యూచర్’ గెలిచింది. గెలుపోటముల కన్నా గమనించదగినది వేరొకటి ఉన్నది: భయానక నవలను గంభీర సాహిత్యం సరసన కూర్చోబెట్టి, దేశాన్ని ముందుకు నడిపించే పుస్తకంగా అది పనికివస్తుందా అని వాదించారు. రైలు ప్రయాణంలో కాలక్షేపానికి కొనే పుస్తకం గురించి ఎవరూ అలా అడగరు. పాఠకులే తీర్పరులైన మరొక సందర్భం కూడా ఇక్కడ చెప్పుకోదగినది. ఆంటేరియో గ్రంథాలయ సంఘం నిర్వహించే ఎవర్‌గ్రీన్ పురస్కారం గ్రంథాలయాలకు వచ్చే పెద్దవాళ్ల ఓట్లతో నిర్ణయమవుతుంది; 2019లో అది వాసాక్సింగ్ ఫస్ట్ నేషన్‌కు చెందిన వాబ్‌గేషిగ్ రైస్ రాసిన ‘మూన్ ఆఫ్ ది క్రస్టెడ్ స్నో’కు దక్కింది. కరెంటూ ఫోన్లూ ఆగిపోయిన చలికాలంలో ఒక ఉత్తరాది గ్రామం మీదికి వచ్చిపడే ఆకలి కథ అది, విండిగో నీడ దానిమీద కూడా ఉన్నది.

భయానక, అద్భుత కథల గురించి సాహిత్య విద్యార్థులు మొదట చదివే సిద్ధాంతం త్స్వెతాన్ తొదొరోవ్‌ది. బల్గేరియాలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన ఈ విమర్శకుడు 1970లో, అద్భుత సాహిత్యానికి ప్రాణం సందిగ్ధత అని ప్రతిపాదించాడు: జరిగినది ప్రకృతి నియమాలకు లోబడినదా, వాటికి అతీతమైనదా అని పాఠకుడు తేల్చుకోలేక ఊగిసలాడినంతసేపే ఆ రసం నిలుస్తుంది. యూరప్ నవలలకు ఈ కొలత చక్కగా అమరుతుంది. ‘బ్యాడ్ క్రీ’కి అమరదు. మెకెంజీ భయపడుతుంది గాని, చచ్చిపోయిన అక్క కలలోకి రావడం సాధ్యమా అసాధ్యమా అన్నది ఆమె ఇంట్లో తెమలని ప్రశ్న కాదు. వచ్చినది అక్కేనా, అక్క ముఖం తొడుక్కున్న వేరొకటా అన్నదే అక్కడి అసలు సందేహం. మొదటి సందేహాన్ని ఆశించి చదివిన పాఠకుడికి, ఊగిసలాట లేకపోవడం వల్ల, ఉత్కంఠ తగ్గినట్టు తోస్తుంది. రెండవ సందేహంలో పెరిగిన పాఠకుడికి ప్రతి కలా ముచ్చెమటలు పట్టిస్తుంది. ఒకే వాక్యం ఇద్దరి చేతుల్లో రెండు బరువులు తూగుతున్నది.

కెనడా సాహిత్యంలో ఈ తేడాకు పాత చరిత్ర ఉన్నది. ఇంగ్లండు నుండి ఎగువ కెనడాకు వలస వచ్చి అడవి అంచున కాపురం పెట్టిన కాథరిన్ పార్ ట్రెయిల్, 1836లో అచ్చయిన తన లేఖల గ్రంథంలో, ఈ దేశంలో దయ్యాలూ ఆత్మలూ లేవనీ, ఇక్కడి జీవితం వాటికి చోటివ్వనంత వాస్తవికమనీ రాసింది. శతాబ్దం పైగా గడిచాక కవి ఎర్ల్ బర్నీ, దయ్యాలు లేకపోవడమే ఈ దేశాన్ని పట్టి పీడిస్తున్న దయ్యమన్న అర్థం వచ్చే కవిత రాశాడు. వలస వచ్చినవారి కంటికి ఖాళీగా కనిపించిన ఆ నేల మీద అప్పటికే వేల ఏళ్ల కథలు ఉన్నాయన్న స్పృహ ఆ రెండు చోట్లా లేదు. ఇక ఉన్నవని తెలిసినప్పుడు వాటిని తీసుకున్న తీరు ఇంకొక రకం. ఆంగ్ల రచయిత ఆల్జర్నన్ బ్లాక్‌వుడ్ 1890లలో కెనడాలో కొన్నేళ్లు గడిపి, 1910లో ‘ది వెండిగో’ అనే కథను ప్రచురించాడు. నేడు కెనోరా అని పిలిచే ర్యాట్ పోర్టేజ్‌కు ఉత్తరాన ఉన్న అడవిలో, వేటకు వెళ్లిన బృందం నుండి ఒక మార్గదర్శిని కనబడని శక్తి ఎత్తుకుపోవడం అందులోని కథ. భయం పుట్టించడంలో అది నేటికీ నిలిచిన రచన. కాని ఆకలికీ స్వార్థానికీ హద్దు గీసే నీతిశాస్త్రంగా ఉన్న వెండిగో అక్కడ అడవి పిలుపుగా, తెల్లవాడికి పిచ్చెక్కించే ఉత్తరపు ఒంటరితనంగా మారిపోయింది. వలసవాసుల సాహిత్యంలో ప్రకృతి పట్ల లోతైన భీతి ఉన్నదని విమర్శకుడు నార్త్రప్ ఫ్రై 1965లో గుర్తించాడు. రచయిత్రి మార్గరెట్ అట్‌వుడ్ 1991లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలలో ఒకదాన్ని వెండిగోకే కేటాయించింది. ఆ సాహిత్యం మీద పెరిగిన పాఠకుడు భయమంటే అడవినే ఊహిస్తాడు. ‘బ్యాడ్ క్రీ’లో అడవి శత్రువు కాదు, దెబ్బతిన్న బంధువు. భయం రావలసిన దిక్కే మారినప్పుడు, ఆ పాత అలవాటుతో చూసే కన్ను దాన్ని పట్టుకోలేకపోవడం వింత కాదు.

ఈ చిక్కు జాన్స్‌తో మొదలు కాలేదు. హైస్లా జాతికి చెందిన ఈడెన్ రాబిన్సన్ 2000లో ప్రచురించిన ‘మంకీ బీచ్’ ఆ ఏడు గిల్లర్ బహుమతికీ, గవర్నర్ జనరల్ పురస్కారానికీ తుది జాబితాలలో నిలిచింది. బ్రిటిష్ కొలంబియా తీరంలోని కిటమాట్ గ్రామంలో, సముద్రంలో తప్పిపోయిన తమ్ముడు జిమ్మీ కోసం ఎదురుచూసే లీసామరీ అనే యువతి కథ అది. చావులకు ముందు ఆమెకు ఎర్రజుట్టు పొట్టి మనిషి ఒకడు కనిపిస్తుంటాడు, కాకులు హైస్లా భాషలో మాట్లాడతాయి, అడవిలో ‘బ్‌గ్వుస్’ అనే రోమశమానవుడు తిరుగుతుంటాడు. తొలినాటి సమీక్షకులూ, విశ్వవిద్యాలయ విమర్శకులూ దీనిని గోథిక్ నవల అన్నారు. గోథిక్ అంటే పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో పాడుబడిన కోటలతో, పాత పాపాలతో, తిరిగివచ్చే మృతులతో మొదలైన భయానక శాఖ. తరువాతి విమర్శకులు ఆ పేరు ఎంతవరకు చెల్లుతుందని ప్రశ్నించారు: హైస్లా ఇంటిలో దినచర్యలో భాగమైన దానిని అలౌకికమని వర్గీకరించేది ఎవరు, ఏ లోకం నుండి? బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో బోధించే చెరోకీ పండితుడు డేనియల్ హీత్ జస్టిస్ 2018లో ఇటువంటి రచనలకు ‘వండర్‌వర్క్స్’ అనే కొత్త పేరు సూచించారు. తెలుగులో ఆశ్చర్యకృతులు అనవచ్చు. అవి నిజమా కల్పనా అని అడగకుండా, లోకం మనకు తెలిసిన దానికన్నా పెద్దదని ఒప్పుకునే రచనలన్నది ఆ పేరులోని భావం.

రాబిన్సన్ ‘ది సాస్‌క్వాచ్ ఎట్ హోమ్’ అనే ఉపన్యాసంలో చెప్పిన ఒక విషయం పాఠకుల విచారణకు మరీ ముఖ్యం. హైస్లాలలో వంశాలకు చెందిన కథలు ఆస్తి వంటివి. విందు చేసి, సాక్షుల ఎదుట హక్కు పొందినవారే వాటిని చెప్పాలి. బ్‌గ్వుస్ వంటి, అందరూ పిల్లలకు చెప్పుకునే కథలకు ఆ నిర్బంధం లేదు. నవల రాసేటప్పుడు రాబిన్సన్ ఆ హద్దును పాటించారు. అంటే పుస్తకంలో కొన్ని సంగతులు సగం చెప్పి వదిలినట్టు ఉండడానికి కారణం రచనాలోపం కాకపోవచ్చు, మర్యాద కావచ్చు. చెప్పకుండా విడిచిన దానికి మార్కులు తగ్గించే పాఠకుడు ఈ మాట తెలుసుకుని ఉండడం మంచిది.

తెలుగు పాఠకులకు ఈ వాదం పూర్తిగా కొత్తది కాదు. యండమూరి వీరేంద్రనాథ్ రాసిన ‘తులసిదళం’ 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చినప్పుడు, ఒక పసిపాప మీద జరిగిన క్షుద్రప్రయోగం కథ కోసం వారం వారం ఎదురుచూసిన ఇళ్లు లెక్కలేనన్ని. మంత్రవిద్యా వైద్యమూ పక్కపక్కన నడిచే ఆ నవలను చదివి రాత్రి దీపం ఆర్పలేకపోయినవారి అభిప్రాయం ఒకటి. మూఢనమ్మకానికి శాస్త్రం ముసుగు తొడిగారని ఆగ్రహించినవారి అభిప్రాయం ఇంకొకటి. రచయిత్రి రంగనాయకమ్మ ఆ రెండవ పక్షాన ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని పుస్తకమే రాశారు. ఆ ఆగ్రహానికి బలమైన ఆధారం ఉన్నది. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో పల్లెల్లో నిరుపేదల్ని, ముఖ్యంగా ఒంటరి స్త్రీలను, కొట్టి చంపిన ఘటనలు తెలుగునాట జరిగాయి. అటువంటి సమాజంలో నమ్మకాన్ని పెంచే కథ ఎవరి ప్రాణం మీదికి వస్తుందని అడగడం విమర్శకుల బాధ్యత.

అదే ప్రశ్నను మార్పు లేకుండా ‘బ్యాడ్ క్రీ’ మీద పెట్టడం మాత్రం పొరపాటవుతుంది, ఎందుకంటే ఇక్కడ నమ్మకానికీ అధికారానికీ ఉన్న సంబంధం తలకిందులుగా ఉన్నది. మూలవాసుల క్రతువులను, పశ్చిమ తీరపు పాట్‌లాచ్ విందులను కెనడా ప్రభుత్వం 1884లో చట్టం చేసి నిషేధించింది. ఆ నిషేధం 1951 దాకా చట్టంలో ఉన్నది. లక్షన్నరకు పైగా పిల్లల్ని ఇళ్ల నుండి తీసుకుపోయి రెసిడెన్షియల్ పాఠశాలల్లో ఉంచి, తల్లి భాష మాట్లాడితే శిక్షించి, అమ్మమ్మలు చెప్పిన సంగతులు దయ్యపు మాటలని నేర్పారు. చివరి పాఠశాలలు మూతపడేనాటికి 1990లు వచ్చాయి. తెలుగునాట మూఢనమ్మకమనే మాట బలహీనులను కాపాడడానికి వాడిన ఆయుధం. కెనడాలో అదే మాట బలవంతులు పిల్లల నోళ్లు మూయించడానికి వాడిన ఆయుధం. ఈ రెండు చరిత్రలూ తెలిసిన పాఠకుడు రంగనాయకమ్మను గౌరవిస్తూనే జాన్స్ పక్షాన నిలబడగలడు, అందులో వైరుధ్యం లేదు. పైగా ‘బ్యాడ్ క్రీ’లో ప్రయోగం చేసిన మంత్రగత్తె అంటూ ఎవరూ ఉండరు, నెపం మోపడానికి పొరుగింటి ముసలమ్మ దొరకదు; కీడు తీరని ఆకలిది, దానికి దారి చేసినది తవ్వకం.

కెనడాలో స్థిరపడిన తెలుగు పాఠకుడికి ఈ నవల విషయంలో ఒక ప్రత్యేకమైన అర్హత ఉన్నది. పితృకర్మల నాడు పెట్టిన పిండాన్ని కాకి ముట్టేదాకా పెరట్లో నిలబడి ఎదురుచూడడం, ముట్టకపోతే పోయినవారికి తీరని కోరిక ఏదో మిగిలిందని పెద్దలు ఒక్కొక్కటే పేరు పెట్టి మాట ఇవ్వడం తెలుగు ఇళ్లలో తెలియనివారు తక్కువ. ఆ ఆచారాన్ని నమ్మినవారికీ నమ్మనివారికీ కూడా ఆ ఎదురుచూపు గుర్తుండిపోతుంది. అభినవగుప్తుడు వాసన అన్నది ఇదే. అక్క అంత్యక్రియలకు వెళ్లని ఒక చెల్లెలి వెంట కాకులు తిరుగుతున్నాయన్న ఒక్క వాక్యం చాలు, ఇతర పాఠకులు వింత దృశ్యంగా చూసిన చోట తెలుగు పాఠకుడి గుండె ముందుగానే తడబడుతుంది. అందులోనూ వీసా చేతికి రాకనో, విమానం దొరకకనో, 2020, 2021 సంవత్సరాల్లో సరిహద్దులు మూసుకుపోయో, తల్లి చితిని ఫోన్ తెరమీద చూసినవారు టొరంటో, కాల్గరీ, ఎడ్మంటన్ నగరాల్లోని తెలుగు ఇళ్లలో ఉన్నారు. వారికి మెకెంజీ అపరాధభావాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. క్రీ ప్రజల కాకికీ తెలుగువారి కాకికీ అర్థం ఒకటే అనుకోవడం తప్పు. జాన్స్ కాకులు చేసే పని వేరు, ఆ సంగతి నవల నెమ్మదిగా విప్పుతుంది. కాని తన కాకి వెంట బయలుదేరిన పాఠకుడు వారి కాకి దగ్గరికి చేరుకోవడానికి దారి ఉన్నది.

కథ నడక మందగించిందన్న ఫిర్యాదును ఇప్పుడు మళ్లీ చూడవచ్చు. మెకెంజీ చాలా కాలం తన కలలను దాచుకుంటుంది, నగరంలో ఆ దాపరికమే ఆమె ఒంటరితనానికి ఇంకొక పేరు. హై ప్రెయిరీ చేరాక కూడా వెంటనే చెప్పదు. పేక ముక్కలు పంచుకుంటారు, టీ మరుగుతుంది, ఎవరో ఎవరినో వేళాకోళం చేస్తారు, పోయిన అమ్మమ్మ ప్రస్తావన వచ్చి ఆగిపోతుంది. వణుకు కోసం పుటలు తిప్పే పాఠకుడు ఈ చోట విసుక్కుంటాడు. ఆ ఇంట్లో కలలు గన్నది మెకెంజీ ఒక్కతే కాదనీ, పెద్దవాళ్లు తమ కలలను పాఠశాలల కాలం నుండి, పట్టణపు తెల్లవారి ఎదుట, చివరకు తమ పిల్లల ఎదుట కూడా నోరు మెదపకుండా దాచుకున్నారనీ బయటపడేది ఆ వంటింటి బల్ల దగ్గరే. ఒంటరిగా ఉన్నవారిని వేరు చేసి తినడం వీహ్‌తికో పద్ధతి. దాని ఎదుట ఈ ఆడవాళ్లు మొదట చేసిన పని కలను ఒకరికొకరు చెప్పుకోవడం, దానికి టీ చల్లారేంత సేపు పట్టింది.